జబ్బా, మందా?

నర్సింగ్ విద్యార్థులు, సిబ్బంది పాల్గొన్న సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ సిస్టర్ గారి వార్డులో నేను స్టాఫ్ నర్సుగా పనిచేశాను. ఆవిడ సేవ గురించి, క్రమశిక్షణ గురించి నాకు ముందు మాట్లాడినవారు బాగా చెప్పారు. నేను ఆవిడ అలవాటు ఒక్కటే తీసుకుంటాను. డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో 'ఏడో బెడ్డు రాత్రంతా గొడవ చేశాడమ్మా' అనో, 'పన్నెండో బెడ్డు మత్తుగా పడి ఉంది' అనో చెబితే ఆవిడ నుంచి ఒకే ప్రశ్న వచ్చేది: "జబ్బా, మందా?" తెలియదంటే కోప్పడేవారు కాదు, పదండి చూద్దామని బెడ్డు దగ్గరికి నడిచేవారు. ఆ ప్రశ్న మనకు అసలు తట్టనే లేదని తెలిస్తే మాత్రం ఆ రోజు హ్యాండోవర్ ఓ పట్టాన అయ్యేది కాదు.

ఆ ప్రశ్నకు జవాబు వెతకగలిగేంత చదువు ప్రతి నర్సుకూ ఉండాలన్నదే ఈ రోజు నేను చెప్పదలచుకున్నది. మందుల పేర్లు, మోతాదులు నోటికి వచ్చినంత మాత్రాన ఆ చదువు వచ్చినట్టు కాదు. మందు మెదడులో ఎక్కడ పనిచేస్తోందో, ఏ పనిని ఆపుతోందో తెలియాలి. అది తెలిసిన నర్సుకు పేషెంటు ఒంటి మీద కనిపించే ప్రతి మార్పూ ఏదో ఒకటి చెబుతుంది.

మందు ఇచ్చేటప్పుడు అయిదు విషయాలు సరిచూసుకోవాలని మొదటి ఏడాదిలోనే నేర్పుతారు: సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, ఇవ్వవలసిన మార్గం, ఇవ్వవలసిన వేళ. ఇవి తప్పకూడనివే. కాని ఈ అయిదూ మాత్ర గొంతు దిగడంతోనే ముగిసిపోతాయి. మందు పని మొదలయ్యేది అక్కడి నుంచి. డాక్టరు రౌండ్సుకు వచ్చి వెళ్లిపోతారు. మందు మెదడుకు చేరి మనిషిని మార్చే గంటల్లో మంచం పక్కన ఉండేది మనం, పేషెంటు తాలూకు మనుషులు. వాళ్లు చూస్తారు గాని ఏం చూస్తున్నారో తెలియదు. మనకు తెలియాలి.

మనకు బాగా పరిచయమైన కేసుతోనే మొదలుపెడతాను. మన రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వాసుపత్రిలో పనిచేసిన ఏ నర్సుకూ పురుగుమందు కేసు గురించి వర్ణించి చెప్పనక్కరలేదు. 1997–98లో వరంగల్ ప్రాంతంలో పత్తి దెబ్బతిని రైతులు ప్రాణాలు తీసుకున్న సంగతి మనమెవరం మరిచిపోలేదు. క్యాజువాలిటీలోకి ముందు ఆ వాసన వస్తుంది, ఆ తరువాత స్ట్రెచరు వస్తుంది.

మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందు ఒంట్లో చేసే పని ఇది. నరం చివర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై అవతలి కణానికి కబురు చేరవేస్తుంది. నరాలు ఇలా రసాయనంతో కబురు పంపుతాయని ఒట్టో లోవీ 1921లో కప్ప గుండెలతో చేసిన ప్రయోగంలో చూపించాడు. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. కబురు అందగానే ఆ రసాయనాన్ని విరగ్గొట్టే ఎంజైము ఒకటి ఉంటుంది. పురుగుమందు ఆ ఎంజైమును పట్టేస్తుంది. దాంతో కబురు ఆగకుండా వెళ్తూనే ఉంటుంది: నోటి నుంచి చొంగ, కళ్ల వెంట నీళ్లు, ఒళ్లంతా చెమట, ఊపిరితిత్తుల్లో గరగర, సూదిమొనంత కంటిపాప, మందగించిన నాడి.

విరుగుడుగా అట్రోపిన్ ఇస్తాం. ఉమ్మెత్తలో ఉండే విషాల్లో అట్రోపిన్ కూడా ఒకటి. ఉమ్మెత్త గింజలు తిన్నవాడికి మతి చెదురుతుందని పల్లెటూళ్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. ఆ ఒక్క సంగతి గుర్తుంటే అట్రోపిన్ పేషెంటును సగం అర్థం చేసుకున్నట్టే. మన దగ్గర దొరికే ఆంపూలులో 0.6 మిల్లీగ్రాములు ఉంటుంది. పెద్దవాళ్లకు మూడు నుంచి అయిదు ఆంపూళ్లతో మొదలుపెట్టి, గుణం కనిపించకపోతే అయిదు నిమిషాలకోసారి రెట్టింపు చేసుకుంటూ పోతారు. చాలినంత అయిందని తేల్చే గుర్తులను దగ్గరుండి చూసేది నర్సే. కంటిపాప పెద్దదైతే చాలనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పాప మారడానికి సమయం పట్టవచ్చు. దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. ఊపిరితిత్తుల్లో గరగర తగ్గాలి. నాడి 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి. చంక పొడిబారాలి.

అసలు పరీక్ష రెండో రాత్రి, మూడో రాత్రి వస్తుంది. పేషెంటు దుప్పటి పీకుతుంటాడు, గాలిలో ఏదో పట్టుకుంటున్నట్టు చేతులు ఆడిస్తాడు, రైల్స్ ట్యూబు లాగేస్తాడు. 'పిచ్చెక్కింది సిస్టరమ్మా, కట్టెయ్యండి' అంటారు ఇంటివాళ్లు. ఇక్కడ మూడు దారులున్నాయి. విషం మళ్లీ తిరగబెట్టి ఉండవచ్చు. అట్రోపిన్ ఎక్కువై ఉండవచ్చు. పురుగుమందు తాగినవాడికి రోజూ తాగే అలవాటు ఉంటే, మద్యం ఆగిపోయి మెదడు రేగి ఉండవచ్చు. మూడింటికీ చికిత్స వేరు. ఒకదానికి అట్రోపిన్ పెంచాలి, ఒకదానికి ఆపాలి, మూడోదానికి అసలు వేరే మందు.

చంకలో చెయ్యి పెట్టి చూడండి. పొడిగా ఉండి, ఒళ్లు కాలుతూ, కంటిపాప విప్పారి, పొట్ట మీద స్టెత్ పెడితే పేగుల చప్పుడు వినపడకపోతే అది అట్రోపినే. చెమట పట్టి, పాప సూదిమొనలా ఉండి, రొమ్ములో గరగర ఉంటే విషం తిరగబెట్టింది. చెమట ఉండి, చేతులు బాగా వణుకుతూ, పాప పెద్దదిగా ఉండి, పేగుల చప్పుడు మామూలుగా ఉంటే మద్యం సంగతి అడగాలి. అన్ని కేసులూ ఇంత తేటగా విడివడవు, రెండు కలిసి కూడా రావచ్చు. అయినా డ్యూటీ డాక్టరును నిద్రలేపి 'పేషెంటు గొడవ చేస్తున్నాడు సార్' అని చెప్పడానికీ, 'ఒళ్లు కాలుతోంది, చంక పొడిగా ఉంది, పేగుల చప్పుడు లేదు, అట్రోపిన్ ఎక్కువైందనుకుంటున్నాను సార్' అని చెప్పడానికీ మధ్య ఒక మనిషి ప్రాణం ఉంది.

ఇదే కేసులో ఇంకో సంగతి చెప్పి ముందుకు వెళ్తాను. అట్రోపిన్ కండరాల దగ్గరి కబురును ఆపలేదు. విషం తాగిన ఒక రోజు నుంచి నాలుగు రోజుల లోపు, తేరుకున్నాడనుకున్న పేషెంటుకు ఊపిరి తీసే కండరాలు బలహీనపడవచ్చు. దీన్ని 1987లో శ్రీలంక డాక్టర్లు సేనానాయకే, కరళ్లియెద్ద లోకానికి వివరించారు. మన పొరుగు దేశంలో, మన రైతుల్లాంటి రైతుల మంచాల పక్కన పుట్టిన జ్ఞానం ఇది. తొలి గుర్తు పట్టుకోవడానికి యంత్రమేదీ అక్కరలేదు. 'తల దిండు మీంచి ఎత్తయ్యా' అనాలి. పొద్దున ఎత్తినవాడు సాయంత్రానికి ఎత్తలేకపోతే వెంటిలేటరు సిద్ధం చేసుకోమని డాక్టరుకు చెప్పవలసిన సమయం వచ్చిందన్నమాట. ఈ ఒక్క మాట ప్రతి డ్యూటీలో అడిగి చార్టులో రాసే వార్డులు రావాలి.

ఇప్పుడు మెదడులో కబురు మోసే మరో రసాయనం, డోపమిన్ దగ్గరికి వస్తాను. దీని చరిత్రలో మన దేశపు మొక్క ఉంది. సర్పగంధి వేరు మతి చలించినవాళ్లకు, రక్తపోటు ఉన్నవాళ్లకు పనిచేస్తుందని గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లో రాశారు. 1952లో ఆ వేరు నుంచి రెసర్పిన్ వేరుచేశారు. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రెసర్పిన్ ఇస్తే అవి కదలకుండా కూలబడిపోయాయి. మెదడులో డోపమిన్‌గా మారే ఎల్-డోపా ఇస్తే లేచి తిరిగాయి. మెదడుకు డోపమిన్ ఎందుకో అలా బయటపడింది. ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది. ఇదే కాలంలో ఫ్రాన్స్‌లో 1950లో తయారైన క్లోర్‌ప్రోమజిన్‌ను 1952లో పారిస్‌లోని సెయింట్-ఆన్ ఆసుపత్రిలో ఝాన్ డిలే, పియర్ డెనికర్ మానసిక రోగులకు వాడి చూశారు. 1958లో బెల్జియంలో పాల్ జాన్సెన్ బృందం హాలోపెరిడాల్ తెచ్చింది. ఎర్రగడ్డ అయినా, విశాఖ చినవాల్తేరు అయినా, ఈ మందుల తరువాత మానసిక వైద్యశాల వార్డు స్వరూపమే మారిపోయింది.

క్లోర్‌ప్రోమజిన్, హాలోపెరిడాల్ లాంటి మందులు డోపమిన్ అందుకునే చోట్లను మూస్తాయి. మెదడులో డోపమిన్ ఒక చోట ఆలోచనకూ భయానికీ సంబంధించిన పని చేస్తుంది, మరోచోట కదలికను నడిపిస్తుంది. మందుకు ఆ రెండు చోట్లూ ఒకటే. కదలిక దగ్గర ఏమవుతుందో మనం చూస్తాం. మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే, ముఖ్యంగా పడుచువాళ్లలో, మెడ ఒక పక్కకు మెలిపడుతుంది, కళ్లు పైకి తేలిపోతాయి, దవడ బిగుసుకుంటుంది. వారాలు గడిస్తే చేతులు వణకడం, ముఖంలో కవళికలు పోవడం, చిన్న చిన్న అడుగులు. ఏళ్లు గడిస్తే నోరు, నాలుక వాటంతటవే కదులుతూ ఉండటం. ఇది మందు మానినా పోకపోవచ్చు.

మానసిక వైద్య వార్డులో పనిచేయనివాళ్లు ఇది మాకెందుకు అనుకోవద్దు. జనరల్ వార్డులో, గ్రామాల్లో రోజూ వాంతులకు ఇచ్చే పెరినార్మ్ ఇంజెక్షను, అంటే మెటోక్లోప్రమైడ్, డోపమిన్‌నే మూస్తుంది. పద్దెనిమిదేళ్ల పిల్లకు వాంతులని ఇంజెక్షను వేసి పంపితే, ఇంటికెళ్లాక మెడ తిరిగిపోయి కళ్లు తేలేస్తే ఆ ఇంట్లో ఏమనుకుంటారు? గాలి సోకిందంటారు, వేపమండలు తెస్తారు. ఆసుపత్రికి తెచ్చినా 'హిస్టీరియా' అని పక్కకు నెట్టే ప్రమాదం ఉంది. 'నిన్న ఏ ఇంజెక్షను వేశారమ్మా' అని అడిగే నర్సు ఒక్కరుంటే, డాక్టరు చెప్పిన ఫెనెర్గాన్ ఇంజెక్షనుతో కాసేపట్లో ఆ మెడ నిటారుగా నిలుస్తుంది. వాంతులకే ఇచ్చే డొంపెరిడోన్‌తో ఇది చాలా అరుదు, ఎందుకంటే రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను అది పెద్దగా దాటదు. ఇలాంటి కారణం తెలిస్తే రెండు మందుల తేడా జన్మలో మరిచిపోం. పట్టికలో చదివినది పరీక్ష అయిన మర్నాడే పోతుంది.

వీటన్నిటిలోకి నాకు ఎక్కువ బాధ కలిగించేది అకథీసియా. పేరు కష్టంగా ఉంది గాని మనిషి పడే బాధ అంతకన్నా కష్టం. హాలోపెరిడాల్ వల్ల ఇది వచ్చినవాడు కూర్చోలేడు, నిలబడలేడు. కాళ్లు మార్చి మార్చి వేస్తాడు, వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉంటాడు. 'లోపల ఏదో పీకుతోంది సిస్టర్' అంటాడు. చూసేవాళ్లకు జబ్బు పెరిగినట్టు కనిపిస్తుంది. 'గొడవగా ఉన్నాడు' అని నర్సు చెబితే డాక్టరు ఇంకో హాలోపెరిడాల్ రాస్తారు. మందు పెరుగుతుంది, బాధ ఇంకా పెరుగుతుంది. ఆ బాధ భరించలేక ప్రాణం తీసుకోవాలనుకున్నవాళ్లు ఉన్నారు. మందు మానేసి మళ్లీ జబ్బున పడినవాళ్లు ఎందరో.

దీన్ని జబ్బు నుంచి విడదీయడానికి కొలమానాలు ఉన్నాయి; 1989లో బార్న్స్ తయారుచేసిన స్కేలు అందరూ వాడేదే. దాని వెనక ఉన్న సంగతి మాత్రం సులువు. కదలిక కనబడితే చాలదు, లోపల ఎలా ఉందో అడగాలి. 'కాళ్లు కదపకుండా ఉండగలవా? ఉంటే ఏమవుతుంది?' 'మనసులో ఆందోళనా, కాళ్లలోనా?' 'ఇంజెక్షనుకు ముందు ఇలా ఉండేదా?' మందు ఇచ్చిన వేళ, తిరగడం మొదలైన వేళ పక్కపక్కన రాయండి. ఆ రెండు వేళలు చూసిన డాక్టరుకు మీరు విడిగా వాదించి చెప్పవలసిందేమీ ఉండదు. మోతాదు తగ్గించడమో, ప్రొప్రనొలాల్ ఇవ్వడమో వాళ్లు చూసుకుంటారు.

ఇక మన ఎండల సంగతి. రెంటచింతల, రామగుండం ఎండలు తెలిసినవాళ్లకు లిథియం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ 1949లో దీన్ని ఉన్మాదానికి వాడవచ్చని చూపించాడు. ఇన్నేళ్లయినా దానికి సాటివచ్చే మందులు తక్కువ. దాని కష్టమల్లా గుణానికీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ కావడమే. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి, 1.5 దాటితే విషం. మూత్రపిండాలు లిథియాన్నీ ఉప్పులోని సోడియాన్నీ దాదాపు ఒకేలా చూస్తాయి. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గితే సోడియాన్ని పట్టి ఉంచుకునే తాపత్రయంలో లిథియాన్నీ పట్టి ఉంచుతాయి.

మే నెలలో ఉపాధి హామీ పనికి వెళ్లిన మనిషిని తలుచుకోండి. చెమట కారిపోతుంది. బీపీ ఉందని ఎవరో ఉప్పు మానెయ్యమన్నారు, నీళ్ల మాత్ర ఇచ్చారు. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో డైక్లోఫెనాక్ తీసుకున్నాడు. ఈ నాలుగూ లిథియాన్ని పెంచేవే. సన్నగా వణికే చేతులు పెద్దగా వణకడం మొదలవుతుంది. వాంతులు, విరేచనాలు. అప్పుడు ఉన్న నీరూ పోయి లిథియం ఇంకా పెరుగుతుంది. నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది. తాగి వచ్చాడనుకుంటారు. క్యాజువాలిటీలో 'విరేచనాల కేసు' అని రాసేస్తారు. మాత్రల అట్ట ఏదని అడిగేది నర్సే కావాలి. ఇంకొకటి: చాలాకాలంగా వాడుతున్నవాళ్లలో రక్తంలో లెక్క హద్దుల్లోనే ఉన్నా మెదడు దెబ్బతింటూ ఉండవచ్చు. కాగితం మీది అంకె బాగుందని తూలుతున్న మనిషిని వదిలెయ్యకూడదు. ఆ అంకె కూడా నర్సు చేతిలోనే ఉంది. చివరి మోతాదు తరువాత 12 గంటలకు రక్తం తీయాలి. ల్యాబ్ మనిషి రాకముందే పొద్దుటి మాత్ర వేసేస్తే ఆ అంకెకు అర్థం ఉండదు.

ఎండాకాలంలోనే ఇంకో చిక్కు వస్తుంది. మానసిక వ్యాధి మందులు వాడేవాడు జ్వరంతో, స్పృహ తప్పి వస్తే వడదెబ్బ అనుకుంటాం. కావచ్చు కూడా, ఆ మందుల వణుకుకు ఇచ్చే పాసిటేన్ లాంటివి చెమట పట్టనివ్వవు, అందుకని వాళ్లకు వడదెబ్బ తొందరగా తగులుతుంది. కాని చెయ్యి మడిచి చూస్తే ఇనుప కడ్డీలా బిగుసుకుని ఉందా? ఒళ్లు చెమటతో తడిసి, బీపీ పైకీ కిందికీ పోతోందా? అయితే ఆ మందుల వల్లే వచ్చే న్యూరోలెప్టిక్ మేలిగ్నెంట్ సిండ్రోమ్ అని అనుమానించాలి. అప్పుడు తరువాతి డోసు వెయ్యకుండా ఆపి, వెంటనే డాక్టరును పిలవాలి. చార్టులో రాసి ఉంది కదా అని వేసే ఆ ఒక్క ఇంజెక్షనే ప్రాణం మీదికి తేవచ్చు.

వృద్ధుల గురించి కొంచెమే చెబుతాను. వయసుతో మెదడులో అసిటైల్‌కోలిన్ తగ్గుతుంది. దురదకు ఇచ్చిన ఎవిల్, నిద్రకని ఇచ్చిన అమిట్రిప్టిలిన్, వణుకుకు ఇచ్చిన పాసిటేన్, ఇవన్నీ ఉన్న కాస్తనూ అడ్డుకుంటాయి. తాతగారు రాత్రి కేకలు వేస్తే అందరికీ వినబడుతుంది. కాని ఎక్కువమంది కేకలు వెయ్యరు. మౌనంగా మత్తుగా పడుకుంటారు. వార్డులో వాళ్లను మంచి పేషెంట్లంటారు. రోజుకోసారి 'వారాల పేర్లు వెనకనుంచి చెప్పండి తాతా' అని అడగండి. చదువుకోనివాళ్లయితే ఇరవై నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెట్టమనండి. నిన్న చెప్పినవారు ఈ రోజు మధ్యలో దారి తప్పితే, నిన్నటి నుంచి కొత్తగా ఏ మందు వచ్చిందో కేస్ షీట్ తిప్పి చూడండి.

ఇదంతా నేర్పే తీరు గురించి టీచర్లకు ఒక మనవి. 'హాలోపెరిడాల్ వల్ల కలిగే పది చెడు ఫలితాలు రాయుము' అనే ప్రశ్నతో నర్సు తయారు కాదు. పది రాసిన అమ్మాయే వార్డులో మెలితిరిగిన మెడను చూసి గుర్తుపట్టకపోవచ్చు, అందులో ఆ అమ్మాయి తప్పు లేదు. 'పేషెంటు వరండాలో ఆగకుండా తిరుగుతున్నాడు, నువ్వు ఏం అడుగుతావు, ఏం చూస్తావు, డాక్టరుకు ఏమని చెబుతావు' అని అడగండి. జవాబు మెదడు బొమ్మతో మొదలై పేషెంటు కాళ్ల దగ్గర ముగియాలి.

డాక్టర్లకు కూడా ఒక మనవి ఉంది. నర్సు రాసినది చదవండి. చాలా చోట్ల నర్సుల రిపోర్టు వెనక పేజీల్లో ఉంటుంది, రౌండ్సులో ఎవరూ ఆ పేజీ తిప్పరు. 'మందు ఎక్కువైందనుకుంటున్నాను సార్' అని ఒక స్టాఫ్ నర్సు అంటే అది ధిక్కారం కాదు. ఆ మాట అన్నందుకు తిట్లు తిన్న సిస్టర్ మళ్లీ నోరు విప్పదు, ఆ మౌనానికి మూల్యం చెల్లించేది పేషెంటు.

చివరగా మన చేతిలో ఉన్న ఒక సాధనం గురించి. 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నుంచి నడుస్తోంది. మందు వల్ల హాని జరిగిందని అనుమానం వస్తే దానికి నర్సు కూడా రిపోర్టు పంపవచ్చు. అనుమానం చాలు, రుజువు అక్కరలేదు. ఫారంలో పేషెంటు పేరు పూర్తిగా రాయనక్కరలేదు, పొడి అక్షరాలు చాలు. రిపోర్టు పంపినంత మాత్రాన ఎవరి మీదా తప్పు మోపినట్టు కాదు. డబ్బు లేకుండా చేసే ఫోను నంబరు 1800-180-3024. వాంతుల ఇంజెక్షనుతో మెడ తిరిగిన పిల్ల కేసు, లిథియంతో తూలిన రైతు కేసు, ఇలాంటివన్నీ అక్కడికి చేరాలి. ఆ ఫారాలు మందుల గదిలో తాళం వేసిన బీరువాలో కాకుండా ప్రతి వార్డులో కేస్ షీట్ల ట్రాలీ మీదే ఉంచాలనీ, డ్యూటీలో ఉన్న నర్సు ఎవరి అనుమతీ అడగకుండా వాటిని నింపేలా ఆదేశం ఇవ్వాలనీ వేదిక మీద ఉన్న సూపరింటెండెంట్ గారిని ఈ సభాముఖంగా కోరుతున్నాను.